గుండెపోటు పిమ్మట మంచము దిగుట ఎప్పుడు?

గుండెపోటు వచ్చి ఆసుపత్రినుండి ఇల్లు చేరిన మనిషికి మన ఇండ్లలో జరుగు మర్యాద అందరికిని తెలిసినదే. వీధిగదిలో మంచము వేయుదురు. ప్రక్కన ముక్కాలిపీటపై మంచినీళ్ల చెంబు, మందుల డబ్బా అమర్చుదురు. ఆయన లేవబోయినచో భార్య పరుగున వచ్చి, "కదలకండి, ఏం కావాలో చెప్పండి, నేను తెస్తాను" అనును. పెరటిలోనికి పోబోయినచో కుమారుడు భుజము పట్టుకొనును. చూడవచ్చిన చుట్టములు గుమ్మముకడనే గొంతు తగ్గించి మాటాడుదురు. ఇదంతయు ప్రేమయే, సందేహము లేదు. కాని ఈ ప్రేమ రోగికి మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా యను ప్రశ్నను నేడు మేము పాఠకుల యెదుట ఉంచదలచితిమి.

మా బంధువర్గములో ఒక మాస్టారు గలరు. ఉన్నత పాఠశాలలో ముప్పది యేండ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి గైకొన్నవారు. అరువది రెండవ యేట ఆయనకు గుండెపోటు వచ్చినది. సకాలమున ఆసుపత్రికి చేర్చిరి. మూసుకొనిపోయిన నాళమును బెలూనుతో తెరచి, స్టెంటు అనెడి సన్నని వలవంటి లోహపు గొట్టమును అమర్చిరి. ఐదవనాడు ఇంటికి పంపిరి. పంపునపుడు మందుల చీటీ చివర "రోజూ నడవవలెను" అని ఒక్క వాక్యము వ్రాసియుండెను. ఎంత నడవవలెనో, ఎప్పుడు ఆగవలెనో ఎవరును చెప్పలేదు. ఎవరును చెప్పనిచోట భయము చెప్పినది. రెండు నెలలు ఆయన వసారా దాటలేదు. మేము చూడబోయిననాడు మంచమునుండి వీధిగుమ్మము వరకు వచ్చి, ద్వారబంధము పట్టుకొని నిలబడి, "గుండె ఇక పనికిరాదు లేవోయ్, నాలుగడుగులకే ఆయాసం వస్తోంది" అనిరి. అంతకు ముందు వారముననే ఆయన గుండెకు పరీక్ష జరిగినది. రక్తమును తోడు శక్తి దాదాపు మామూలుగనే యున్నదని వైద్యులు తేల్చిరి. మరి ఆ ఆయాసము ఎక్కడిది?

దీనికి సమాధానము కావలెనన్న, ముందుగా గుండెపోటు అననేమో తెలియవలెను. గుండె పిడికిలియంత కండరము. దేహమునకంతకును రక్తమునందించు ఈ కండరమునకు కూడ రక్తము కావలెను. దానిని అందించు నాళములను హృదయ ధమనులందురు. ఈ ధమనుల లోగోడలయందు ఏండ్లతరబడి క్రొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ పేరుడు పగిలి, దానిపై రక్తము గడ్డకట్టి, దారి మూసుకొనును. ఆవలి కండరమునకు ప్రాణవాయువు అందదు. కొన్ని గంటలలో దారి తెరవనిచో ఆ భాగము చచ్చును. చచ్చిన భాగము మరల కండరము కాజాలదు. చర్మముపై గాయము మానినచోట మచ్చ పడునట్లు అచ్చట గట్టి మచ్చ యేర్పడును. మిగిలిన కండరము గుండె పనినంతయు మోయును.

ఈ మచ్చ గట్టిపడుటకు ఎంతకాలము పట్టును? 1939లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు, గుండెపోటు వచ్చిన పిమ్మట వేరువేరు దినములకు మరణించినవారి గుండెలను పరిశీలించి, చిన్న గాయము సుమారు ఐదు వారములలోను, పెద్ద గాయము రెండు నెలలలోను మానునని తెలిపిరి. దానినిబట్టి ఆనాటి వైద్యము ఒక నిర్ణయము చేసికొన్నది: గాయము మానువరకు రోగి కదలరాదు. ఆరు వారములు, ఒక్కొక్కచోట అంతకుమించి, రోగిని వెల్లకిల పరుండబెట్టెడివారు. అన్నము ఇతరులు తినిపింపవలెను. ముఖము ఇతరులు కడుగవలెను. పచ్చిగాయముపై బరువు పడినచో గుండె చిట్లునని వారి భయము. ఆ భయము అర్థములేనిది కాదు. కాని మంచము సురక్షితమని ఎవరును పరీక్షించి చూడలేదు; అట్లు అనుకొనిరి, అంతియే.

ఈ ఆచారమును మొదట ప్రశ్నించినవారిలో బోస్టన్ వైద్యుడు శామ్యూల్ లెవీన్, ఆయన శిష్యుడు బెర్నార్డ్ లౌన్ ముఖ్యులు. 1952లో వారు 81 మంది రోగుల వృత్తాంతము ప్రకటించిరి. గుండెపోటు వచ్చిన తొలి దినములలోనే ఆ రోగులను మంచముపైనుండి దింపి, కాళ్లు క్రిందికి వ్రేలాడునట్లు చేతుల కుర్చీలో కూర్చుండబెట్టిరి. పండుకొన్నప్పుడు కాళ్లలోని రక్తము గుండెవైపునకు పొరలివచ్చి దాని పని పెంచుననియు, కూర్చున్నప్పుడు ఆ భారము తగ్గుననియు వారి వాదము. తోడివైద్యులు కోపించిరి. కాని కుర్చీలోని రోగులు చెడిపోలేదు. పైగా మంచములోని రోగులను పట్టి పీడించెడి కాళ్లలో రక్తపు గడ్డలు, ఊపిరితిత్తులలో నీరు, మలబద్ధకము, అన్నిటిని మించి నిరాశ, వీరిలో తక్కువగా కనబడినవి.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు డెన్వరులో గుండెపోటు వచ్చినది. ప్రపంచమంతయు ఆయన పని ముగిసినదనుకొన్నది. ఆయనను చూచిన పాల్ డడ్లీ వైట్ అను హృదయవైద్యుడు, తగిన కాలము గడచిన పిమ్మట అధ్యక్షుడు తన పనికి మరలవచ్చుననెను. మరుసటి యేట ఐసెన్‌హోవరు మరల ఎన్నికలలో నిలిచి గెలిచెను. 1969 వరకు జీవించెను. గుండెపోటు వచ్చినవాడు మూలకు చేరవలసినదే యను నమ్మకము సామాన్యజనుల మనస్సులలో సడలుటకు వైద్యపత్రికలకంటె ఈ ఒక్క ఉదాహరణమే ఎక్కువ తోడ్పడినది.

మంచము చేయు నష్టమెంతయో కొలిచి చూపిన పరీక్ష 1966లో అమెరికాలోని డల్లాసు నగరమున జరిగినది. ఇరువది యేండ్ల ప్రాయమున, ఏ వ్యాధియు లేని ఐదుగురు యువకులను మూడు వారములు మంచముపైననే ఉంచిరి. మూడు వారములలో వారి దేహము ప్రాణవాయువును గ్రహింపగల గరిష్ఠశక్తి నూటికి ఇంచుమించు 27 పాళ్లు పడిపోయెను. పిమ్మట వ్యాయామశిక్షణమిచ్చి ఆ శక్తిని మరల నిలిపిరి. ముప్పది యేండ్లు గడచిన తరువాత ఆ ఐదుగురినే మరల పరీక్షించిరి. ఏబది యేండ్లవారైన ఆ మనుష్యులలో, ఆనాడు మంచముదిగిన క్షణముననున్నంత బలహీనుడు ఒక్కడును లేడు. ముప్పది యేండ్ల వయస్సు చేయలేని నష్టమును మూడు వారముల మంచము చేసినదన్నమాట. వ్యాధియెరుగని యువకులకే ఇట్లయినచో, అరువది దాటిన రోగికి రెండు నెలల మంచము ఏమి చేయునో ఊహింపవచ్చును.

మాస్టారి ఆయాసమునకు సమాధానము ఇందులోనే గలదు. మనము నడచునపుడు పనిచేయునది గుండె యొక్కటే కాదు. ఊపిరితిత్తులు ప్రాణవాయువును రక్తములో కలుపును. గుండె ఆ రక్తమును తోడును. సన్నని నాళములు దానిని కండరములకు పంచును. కాలికండరములు దానిని పీల్చుకొని శక్తిగా మార్చుకొనును. ఈ గొలుసులో ఏ కడియ సన్నగిల్లినను ఆయాసము వచ్చును. వాడని కాలికండరము సన్నబడును. దానిలోని నాళములు తగ్గును. వచ్చిన ప్రాణవాయువును అది పూర్తిగా పీల్చుకొనలేదు. అప్పుడు అదే నాలుగడుగులకు గుండె మరింత రక్తము తోడవలసివచ్చును. నాడి వేగమగును, ఊపిరి ఎగయును. రోగి "నా గుండె చెడినది" యని మరల మంచమెక్కును. మంచమెక్కినకొలది కాళ్లు మరింత సన్నబడును.

ఈ చక్రమును వెనుకకు త్రిప్పుటయే హృదయ పునరావాస చికిత్స. వ్యాయామము చచ్చిన కండరమును బ్రతికింపదు; ఆ మాట ముందే చెప్పుకొనవలెను. కాని అది కాళ్లను బాగుచేయును, నాళములను మెత్తబరచును, నాడిని నెమ్మదిపరచును. మునుపు మెట్లెక్కునపుడు నిమిషమునకు 120 సారులు కొట్టుకొన్న గుండె, శిక్షణ తరువాత అవే మెట్లకు 105 సారులు కొట్టుకొన్నదనుకొందము. మెట్లు మారలేదు, మనిషి బరువు మారలేదు. గుండెకు పని తగ్గినది. కాలు బలపడినచో గుండె బరువు తగ్గునని క్లుప్తముగా చెప్పవచ్చును.

మనిషి ఎంత పని చేయగలడో కొలుచుటకు వైద్యులకొక కొలత గలదు. దానిని "మెట్" అందురు. ఊరక కూర్చున్న మనిషి దేహము కిలో బరువునకు నిమిషమునకు సుమారు 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకొనును. ఇది ఒక మెట్. బట్టలు కట్టుకొనుట, స్నానము వంటి పనులకు రెండు మెట్‌ల ప్రాంతము పట్టును. చదునైన దారిలో గంటకు ఐదు కిలోమీటర్లచొప్పున నడచుటకు మూడు మొదలు మూడున్నర వరకు పట్టును. మెల్లగా మెట్లెక్కుటకు నాలుగు. దాంపత్యజీవితమునకు మూడు మొదలు ఐదు వరకు. దీనిని అడుగుటకు సిగ్గుపడి ఎందరో దంపతులు అనవసర భయముతో కాలము గడపుచున్నారు గనుక ఇచ్చట చెప్పుచున్నాము. ఒకని గరిష్ఠశక్తి ఐదు మెట్‌లు మాత్రమే యైనచో నాలుగు మెట్‌ల పని వానికి కొండయెక్కినట్లుండును. అదే శక్తి ఏడునకు పెరిగినచో ఆ పని మామూలు పనియగును. 2002లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో 6,213 మంది పురుషులను పరీక్షించి చూడగా, ఈ శక్తి ఒక్క మెట్ ఎక్కువైన ప్రతివానికి బ్రతికియుండు అవకాశము నూటికి 12 పాళ్లు మెరుగుగానున్నట్లు కనబడినది.

ఈ శక్తిని కొలుచు విధము రెండు రకములు. మొదటిది ట్రెడ్‌మిల్ అను కదలెడి పట్టాపై నడిపించుట. సియాటిల్ వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో రూపొందించిన పద్ధతి నేటికిని వాడుకలోనున్నది. మూడేసి నిమిషములకొకసారి పట్టా వేగమును, ఏటవాలును పెంచుదురు; ఛాతీకి తీగెలు తగిలించి గుండె విద్యుత్తును చూచుచుందురు. రెండవది మిక్కిలి సులువైనది: ముప్పది మీటర్ల నడవలో ఆరు నిమిషములు అటునిటు నడిపించి, ఎన్ని మీటర్లు నడచెనో లెక్కించుట. అలసినచో ఆగవచ్చును, మరల సాగవచ్చును. ఏ పరీక్షయైనను వైద్యుని యెదుట జరుగవలసినదే. ఇంట స్వయముగా చేసికొనదగినది కాదు.

ఇక చికిత్స క్రమము. మొదటి మెట్టు ఆసుపత్రిలోననే మొదలగును. చిక్కులు లేని రోగిని ఒకటి రెండు దినములలోననే మంచము అంచున కూర్చుండబెట్టి, పిమ్మట గదిలోను, వరండాలోను నడిపింతురు. రెండవ మెట్టు ఇంటికి వచ్చిన పిమ్మట. సామాన్యముగా చదునైన నేలపై ఐదు పది నిమిషములచొప్పున దినమునకు రెండు మూడు సారులు మొదలుపెట్టి, వారమువారము కొంచెము పెంచుచు, ఆరు వారముల ప్రాంతమున అరగంట నడకకు చేర్తురు. పరీక్ష చేసి, వైద్యుని పర్యవేక్షణలో వారమునకు రెండు మూడు దినములు, రెండు మూడు నెలలపాటు సాగించు శిక్షణ దీనికి తోడైనచో మరింత మేలు. చివరి మెట్టునకు గడువు లేదు, అది జీవితాంతము. గుండె బలహీనముగా తోడుచున్నవారు, నాడి తప్పుచున్నవారు, ఇంకను మూసుకొనియున్న నాళములు గలవారు, బైపాస్ శస్త్రచికిత్స జరిగినవారు ఈ లెక్కను తమకు తాముగా అనుసరింపరాదు. బైపాస్ జరిగినవారి రొమ్మెముక అతుకుకొనుటకు మూడు నెలల కాలమనుకొని అంతవరకు బరువులెత్తకుండుట మంచిది.

ఎంత వేగముగా నడవవలెను? దీనికి యంత్రము అక్కరలేదు. నడచుచు ప్రక్కవారితో మాటాడగలుగవలెను, పాట పాడలేకపోవలెను. పాడగలిగినచో మరికొంచెము వేగము పెంచవచ్చును. మాటకు మాటకు ఊపిరి అందనిచో తగ్గింపవలెను. స్వీడను దేశస్థుడు గున్నార్ బోర్గ్ శ్రమను 6 మొదలు 20 వరకు అంకెలుగా గుణించిన పద్ధతిలో, 11 మొదలు 13 వరకు, అనగా "కొంచెము శ్రమగానున్నది" యను స్థితి, చాలమందికి తగినది. నాడిని మాత్రమే నమ్ముకొనుట ప్రమాదము. గుండెపోటు పిమ్మట ఇచ్చు కొన్ని మందులు నాడిని కావలెననియే తగ్గించును.

నడకకు ముందు ఐదు నిమిషములు మెల్లగా నడచి ఒంటిని వేడెక్కించుకొనవలెను. చివర హఠాత్తుగా ఆగక మెల్లమెల్లగా నిలుపవలెను. భోజనమైన గంట వరకు నడవరాదు. రోహిణికార్తె ఎండలలో తెల్లవారుజామునగాని, ప్రొద్దుగ్రుంకిన పిమ్మటగాని నడవవలెను; కోస్తాలో ఉక్కపోత ఎక్కువగానున్ననాడు దూరము తగ్గింపవలెను. ఊపిరి బిగబట్టి చేయు పనులు, నిండుబిందె ఎత్తుట, మొరాయించిన మోటారుసైకిలును తోయుట, రక్తపుపోటును ఒక్కసారిగా పెంచును. తొలి వారములలో వానిని మానవలెను.

ఆగవలసిన గురుతులు ఇంటిల్లిపాదికిని తెలిసియుండవలెను: ఛాతీలో బరువు, మంట లేక బిగింపు, అది ఎడమచేతికో దవడకో ప్రాకుట, చల్లని చెమట, కళ్లు తిరుగుట, మాటాడలేనంత ఆయాసము, గుండె తాళము తప్పి కొట్టుకొనుట. వీనిలో ఏది కనబడినను వెంటనే కూర్చుండవలెను. వైద్యుడు ఇచ్చియున్నచో నాలుకక్రింద మాత్ర నుంచుకొనవలెను. ఐదు నిమిషములలో తగ్గనిచో 108కి ఫోను చేయవలెను. "కాసేపు చూద్దాం" అనుట కూడదు.

పునరావాసమనగా నడక యొక్కటే కాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు పూర్తిగా మానుట. ఉప్పు, నూనె, ఊరగాయ తగ్గించుట. రక్తపుపోటును, చక్కెరను అదుపులో ఉంచుట. మందులు ఒకపూటయైన తప్పకుండుట ఇందులోని భాగములే. ఒంట్లో బాగున్నదని మందు మానుట, ముఖ్యముగా స్టెంటు వేసినవారు రక్తము గడ్డకట్టకుండ ఇచ్చిన మందు మానుట, ప్రాణాపాయము. మనస్సు సంగతియు మరువరాదు. గుండెపోటు పిమ్మట దిగులు, నిద్రలేమి, చావుభయము సామాన్యముగా కనబడునవే. వానిని దాచుకొనక వైద్యునితో చెప్పవలెను.

ఇంత శ్రమకు ఫలమేమి? 2016లో 63 పరిశోధనలను, వానిలోని 14,486 మంది రోగుల ఫలితములను ఒక్కచో చేర్చి చూచినప్పుడు, వ్యాయామముతో కూడిన పునరావాసము పొందినవారిలో గుండెజబ్బు మరణములు ఇంచుమించు నాలుగవవంతు తక్కువగానుండెను. ఆసుపత్రిలో మరల చేరుటయు తగ్గెను. అన్ని కారణముల మరణములను కలిపి చూచినచో మాత్రము స్పష్టమైన భేదము కనబడలేదు. మన దేశమున 24 ఆసుపత్రులలో 3,959 మంది రోగులపై యోగాభ్యాసముతో కూడిన పునరావాసమును పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. మరల గుండెపోటు వంటి ఆపదలు తగ్గినవని నిశ్చయముగా చెప్పుటకు ఆ లెక్కలు చాలలేదు. కాని యోగము నేర్చినవారు తమ ఆరోగ్యము మెరుగైనదనిరి. మునుపటి పనులకు ఎక్కువమంది మరలగలిగిరి. ఖరీదైన యంత్రములు లేని ఊళ్లకు ఇది ఆశ గొల్పు వార్త.

స్త్రీలను గూర్చి ఒక్కమాట. గుండెపోటు వచ్చిన స్త్రీలను ఇట్టి శిక్షణకు పంపుట పురుషులకంటె తక్కువగానున్నదని పలుదేశముల లెక్కలు చెప్పుచున్నవి. మన ఇండ్లలో తండ్రిని మంచము దిగనీయము. తల్లినేమో వారము తిరుగకముందే వంటింటిలోనికి పోనిత్తుము. "ఇంటిపని చేస్తూనే ఉన్నానుగా, ఇంక నడకెందుకు?" అని ఆమెయు అనును. వంగి లేచి, నీళ్లు మోసి, పొయ్యివద్ద నిలబడుట క్రమబద్ధమైన వ్యాయామము కాదు, విశ్రాంతియు కాదు. ఆ అరగంట నడకకు ఆమెను పంపి, అంతసేపు పొయ్యిని మరియొకరు చూచుకొనవలెను.

మాస్టారి కథ ముగింపక విడువరాదు. మా బలవంతముపై ఆయనను వైద్యుని యొద్దకు మరల తీసికొనిపోయిరి. ఆరు నిమిషములలో ఆయన నడచినది 250 మీటర్లు. వైద్యుడు ఒక కాగితముపై వారమువారము లెక్క వ్రాసియిచ్చెను. లెక్కల మాస్టారు గనుక ఆ కాగితము ఆయనకు నచ్చినది. భార్య మొదటి పదిదినములు వెంట నడచినది. నడచునంతసేపు ఆమె ఆయన ముఖమునే చూచుచుండెను. పిమ్మట దారి చూచుట మొదలుపెట్టినది. పండ్రెండు వారములకు అదే నడవలో ఆయన 380 మీటర్లు నడచెను. ఇప్పుడు ప్రతి ఉదయమును కాలువగట్టువెంట లాకుల వరకు పోయి వచ్చుచున్నారు.

ఆయన గుండెలోని మచ్చ అట్లే యున్నది, అది పోదు. దానితో బ్రతుకుట ఎట్లో ఆయనకును, ఇంటివారికిని తెలిసినది. మీ ఇంట ఇట్టి మంచము వేసియున్నచో, మందుల చీటీతోపాటు వైద్యుని ఈ మూడు ప్రశ్నలు అడుగుడు: ఎప్పటినుండి నడవవలెను? దినమునకు ఎంత? ఎప్పుడు ఆగవలెను? సమాధానములను కాగితముపై వ్రాయించుకొని గోడకు తగిలింపుడు. పిమ్మట రోగికి చేయి అందింపుడు; మంచముపై ఒత్తి పట్టుటకు కాదు, గుమ్మము దాటించుటకు.